చుక్కల మీద దుప్పటి

ఆ ఫ్యాక్టరీలో ఆమెని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ గ్రాఫులక్క. పాలిషింగ్ షెడ్డులో పనిచేసే తమ్ముడు మధ్యాహ్నం క్యారేజీ కోసం ఆఫీసు మెట్ల కింద నిలబడి "అక్కా!" అని కేకేసేవాడు. వాడి వెనకున్నవాళ్ళూ అలాగే పిలిచారు. వాళ్ళని చూసి గుమాస్తాలు మొదలుపెట్టారు. ఆఖరికి స్టోర్సు ఆయన, నెత్తి మీద ఒక్క నల్ల వెంట్రుక లేని మనిషి, ఏ మొహమాటమూ లేకుండా అక్కా అనేశాడు. "మీకు నేను అక్కనేమిటండీ, చూసేవాళ్ళు నవ్విపోతారు" అని ఆమె అంటే, "గ్రాఫులకి వయసేమిటమ్మా" అని ఆయన దాటేశాడు.

రాతి బండల్ని పలకలుగా కోసి, మొహం కనపడేదాకా సానబట్టి అమ్మే ఫ్యాక్టరీ అది. పాలిషింగ్ షెడ్డులో రాతిపొడి పిండి కంటే మెత్తగా ఉంటుంది. కనురెప్పల మీద, చెవుల్లో, క్యారేజీ మూత కింద, ఎక్కడ చూసినా అదే. షెడ్డులోంచి బయటికొచ్చినవాడు ఎవడో పోల్చుకోవాలంటే వాడు నోరు తెరిచి నవ్వాలి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుతుందో చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు. తెలిసిన సంగతిని తెలియనట్టు ఉంచడానికి కూడా ఒక ఆఫీసు కావాలి కదా. గ్రాఫులక్క ఆ ఆఫీసులో పనిచేసేది.

గది రెండో అంతస్తులో, మూల. ఏసీ కారుతుంది కాబట్టి కింద ఒక బకెట్టు. కిటికీ తీస్తే షెడ్డు రేకుల కప్పు కనబడుతుంది, దాని మీద తెల్లగా పేరుకున్న పొడి కనబడుతుంది. అందుకని కిటికీ తీయరు. ఆమె అక్కడికి టైపు కొట్టడానికి వచ్చింది. అప్పట్లో లెక్కలు చూసే ఆయన ఒకడుండేవాడు, పని నేర్పమంటే ప్రాణం పోయినట్టు చూసేవాడు. ఆయన ఇంకో చోటికి వెళ్ళిపోతూ కంప్యూటరునీ, అందులో ఉన్న గణాంకాల సాఫ్ట్‌వేర్‌నీ, అట్ట ఊడిన ఒక పుస్తకాన్నీ ఆమె మొహాన కొట్టి పోయాడు. ఆమె ఒక్కో బటనూ నొక్కి చూసింది. ఏది నొక్కితే ఏది పాడవుతుందో చూసుకుంటూ నేర్చుకుంది. తల ప్రాణం తోకకొచ్చింది గానీ నేర్చుకుంది.

ఆ పని ఏమిటో తెలియనివాళ్ళకి ఆమె చెప్పే పద్ధతి ఒకటుండేది. గది మూల చూపించేది. "చూడండి, ఈ గోడ వెంట నడిచారనుకోండి, దుమ్ము పెరుగుతుంది. ఆ గోడ వెంట నడిస్తే సర్వీసు పెరుగుతుంది. పైకెక్కితే ఊపిరి పెరుగుతుంది. మూడూ కలిపితే ఒక్కో మనిషీ ఈ గదిలో ఎక్కడో ఒకచోట గాల్లో నిలబడ్డ చుక్క. అంతే, ఇంకేం బ్రహ్మవిద్య లేదు." అలా వందలమందిని చుక్కలు చేసి తెర మీద వేలాడదీసి, మౌసు పట్టుకుని ఆ గదినంతా బొంగరంలా తిప్పేది. ఒకవైపు నుంచి చూస్తే గజిబిజిగా ఉన్నది ఇంకోవైపు తిప్పేసరికి బారులు తీరి కనబడుతుంది. అది చూసినప్పుడల్లా ఆమెకి చిన్నపిల్లలా సరదాగా ఉండేది.

పెద్దవాళ్ళకి చుక్కలు నచ్చవు. "ఏమిటమ్మా ఇది, దోమలు ముసిరినట్టు" అనేవాడు మేనేజరు. వాళ్ళకి ఉపరితలం కావాలి. అంటే చుక్కలన్నిటికీ దగ్గరగా సాగే ఒక పొర, ఎత్తుల దగ్గర ఎరుపూ పల్లాల దగ్గర నీలమూ పులుముకుని కొండలూ లోయలూలాగ ఉంటుంది. దాన్ని చూస్తే పెద్దవాళ్ళకి ఏదో అర్థమైనట్టు ఉంటుంది. గ్రాఫులక్క దానికి దుప్పటి అని పేరు పెట్టింది. చుక్కల మీద పరిచిన దుప్పటి. చుక్కలు లేనిచోట కూడా సాఫ్ట్‌వేర్ ఆ దుప్పటిని తన ఊహకొద్దీ లాగి పరిచేస్తుంది, కింద మంచం ఉందో గొయ్యి ఉందో దానికి అనవసరం. ఈ ముక్క ఆమె ఎన్నోసార్లు చెప్పింది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. "రంగులు కొంచెం ముదురుగా వెయ్యమ్మా" అనేవారు.

ఆమెకి సొంతమంటూ ఉన్నది తమ్ముడే. వాడు పాలు తాగే వయసులో తల్లి పోతే, బడి మానేసి చంకనేసుకుని పెంచింది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే "ముందు వీణ్ణి ఒక దారికి తేనివ్వండి" అనేది. తెచ్చింది. అదే ఫ్యాక్టరీలో మేనేజరు కాళ్ళా వేళ్ళా పడి పాలిషింగ్ షెడ్డులో పని ఇప్పించింది. వాడి పెళ్ళి తనే చేసింది. ఇద్దరాడపిల్లలు. అందరూ ఒకటే ఇంట్లో, ముందు రెండు గదులు వాళ్ళవి, వెనక వంటింటి పక్క గది ఆమెది. షెడ్డులో వేయించింది నువ్వే కదా అని ఎవరూ ఆమెని అనలేదు. ఆమే అనుకునేది, వాడు దగ్గినప్పుడల్లా.

ఏడాదికోసారి ఊదుడు పరీక్ష జరిగేది. బయట నుంచి ఒకతను యంత్రం తెస్తాడు. టోకెను నంబరు పిలవగానే మనిషి వచ్చి గొట్టంలో గట్టిగా ఊదాలి, ఎంత ఊదాడో అంకె పడుతుంది. ఆ అంకెలు గ్రాఫులక్క దగ్గరికి వస్తాయి. ఆమె అన్నిటికంటే ముందు చేసే పని, తమ్ముడి చుక్క వెతుక్కోవడం. చుక్కలకి పేర్లుండవు. అందుకని మౌసు ఏ చుక్క మీద పెడితే ఆ టోకెను నంబరు చిన్న డబ్బాలో కనబడేట్టు తన కంప్యూటరులో పెట్టుకుంది. చుక్కల గుంపులో వాణ్ణి పట్టుకుని, వాడికి అటూ ఇటూ ఎవరున్నారో చూసి, పోయినేటి కంటే ఎంత కిందికి దిగాడో చూసి, "ఫర్వాలేదు, ఫర్వాలేదు" అని తనకి తనే చెప్పుకునేది. రహస్యంగా చేసేది. ఇంట్లో కూడా చెప్పేది కాదు.

ఆ ఏడు పరీక్షకి ముందు మేనేజరు ఆమెని పిలిచి, ఎప్పుడూ లేనిది కుర్చీ చూపించాడు.

"షెడ్డులో దుమ్ము లాగే యంత్రాలు పెట్టాలని కార్మికులు గొడవ చేస్తున్నారు. డైరెక్టర్లు కూడా చూద్దాం అంటున్నారు. అయితే వాళ్ళకి బొమ్మ కావాలి. దుమ్ము ఎక్కువా సర్వీసు ఎక్కువా ఉన్న ఆ మూల ఉంది చూడు, అక్కడ నీ దుప్పటి కిందికి వాలిందనుకో, యంత్రాలు వస్తాయి. వాలలేదనుకో, ఇంకెవరూ నోరెత్తకూడదు. అంతా నీ చేతిలోనే ఉంది."

నీ చేతిలో ఉంది అని ఆమెతో ఎవరన్నా అనడం అదే మొదలు. మెట్లెక్కి తన గదికి వస్తుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆ మూల వాలక ఛస్తుందా! అక్కడున్నది తమ్ముడూ, వాడి చుట్టూ ఉన్న ముసలాళ్ళూ. దగ్గులు వినడానికి యంత్రం ఎందుకు, రెండో అంతస్తు దాకా వినబడతాయి.

అంకెలు వచ్చాయి. ఆమె చుక్కలు వేసింది. వేసి ఆ మూలకి తిప్పింది. తమ్ముడు లేడు.

పక్కనుంచి చూసింది. పైనుంచి చూసింది. గదినంతా తలకిందులు చేసి చూసింది. ఒక్కో చుక్క మీదా మౌసు పెట్టి నంబర్లు చదివింది. లేడు. వాడొక్కడే కాదు, వాడి బల్ల దగ్గర సానబట్టే పెద్దాయన లేడు, నెలనెలా సెలవులు పెట్టే పొడుగువాడు లేడు. ఆ మూలలో మిగిలినవి ఏవో నాలుగైదు చుక్కలు, అవి కూడా పైన ఉన్నాయి. ఏ రాతిగుండె మనుషులో వాళ్ళు, దుమ్ములో పుట్టి దుమ్ము తిని బతికేవాళ్ళు. దుప్పటి పరిస్తే ఆ మూల వాలకపోగా పైకి లేచింది.

అంకెలున్న పట్టిక తెరిచాక అర్థమైంది. తమ్ముడి నంబరు ఎదురుగా ఊపిరి గడి ఖాళీ. పక్కన "పరీక్ష పూర్తి కాలేదు" అని ఉంది. ఊదబోయి దగ్గు తెరలో పడ్డవాళ్ళకీ, ఊపిరి చాలక మధ్యలో వదిలేసినవాళ్ళకీ యంత్రం అంకె ఇవ్వదు. అంకె లేనివాళ్ళని సాఫ్ట్‌వేర్ మాటామంతీ లేకుండా పక్కకి నెట్టేస్తుంది. నెట్టేశానని అడుగున చీమతలంత అక్షరాల్లో ఒక ముక్క రాస్తుంది, దాన్ని చదివే పుణ్యాత్ముడు ఇంకా పుట్టలేదు. అంటే ఊపిరి లేనివాళ్ళంతా గ్రాఫులోంచి పోయారు. ఊపిరి ఉన్నవాళ్ళు మిగిలారు. ఇన్నేళ్ళుగా ప్రతి ఏడూ ఇంతే జరిగి ఉంటుంది, తమ్ముడు కనబడుతున్నాడు కదా అని తను చూసుకోలేదు. ఆ ఆలోచన రాగానే ఆమెకి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంతలో మేనేజరు తలుపు తోసుకొచ్చి తెర మీదికి వంగి చూశాడు. "అరె! మూల లేచిందే! దుమ్ము పీల్చేకొద్దీ ఆరోగ్యం పెరుగుతోందన్నమాట. రేపట్నుంచి నేనూ షెడ్డులో కూర్చుంటానమ్మా" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇంకా పూర్తవలేదు సార్, అని ఆమె తెర ఆపేసింది.

సాయంత్రం తమ్ముడు పెరటి మెట్ల మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఊదలేకపోయావటగా."

వాడు చెంబు కింద పెట్టాడు. "ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబుతార్రా, నీ చుక్క కనపళ్ళేదు. ఎన్నాళ్ళనుంచి దాస్తున్నావు? నీ పెళ్ళానికి తెలుసా?"

"అరవకు. దానికి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది." వాడు కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "మూడుసార్లు ఊదమన్నాడు. మూడుసార్లూ దగ్గొచ్చింది. సరే, రాకపోతే రాకపోయింది పొమ్మని పంపేశాడు. మంచిదేగా. గడి ఖాళీగా ఉంటే ఎవడూ చూడడు. తక్కువ అంకె పడిందనుకో, ఇంటికి పంపేస్తారు."

"పంపితే పంపనీ. ప్రాణం కంటే ఎక్కువా?"

"ఇంట్లో కూర్చుని ఏం చెయ్యమంటావు, గోడలకి సానబట్టమంటావా? పిల్లలు స్కూలుకెళ్తున్నారక్కా. ఆ షెడ్డు తప్ప నాకు ఇంకేం పని వచ్చు?"

ఆమె యంత్రాల సంగతి చెప్పింది. ఖాళీ గడుల వాళ్ళని కూడా గ్రాఫులో చూపిస్తే మూల వాలుతుందనీ, వాలితే దుమ్ము పోతుందనీ, వాడు ఆ షెడ్డులోనే హాయిగా పని చేసుకోవచ్చనీ చెప్పింది. వాడు వింటూ గోళ్ళలో రాతిపొడి గీక్కుంటున్నాడు.

"మా పేర్లు అడిగితే?"

"చుక్కకి పేరుండదురా పిచ్చోడా. ఎర్ర చుక్క కనబడుతుంది, అంతే. అది నువ్వో పక్కింటివాడో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. నాదీ పూచీ."

"వద్దక్కా, నా మాట విను. ఎందుకొచ్చిన గొడవ."

"చిన్నప్పట్నుంచి నీకు చెడ్డ ఎప్పుడైనా చేశానా?"

ఆ మాట అని ఉండాల్సింది కాదు. పెంచినవాళ్ళు ఆ మాట అంటే ఎవడు మాత్రం కాదంటాడు! "సరే, నీ ఇష్టం" అని వాడు లేచి లోపలికి పోయాడు.

ఆ వారమంతా ఆమె ఇల్లూ వాకిలీ మర్చిపోయి పనిచేసింది. ఊదలేకపోయిన ప్రతి మనిషినీ వాడి దుమ్ము ఎంతో, వాడి సర్వీసు ఎంతో చూసి గ్రాఫులో నేల మీద ఎర్ర చుక్కగా పెట్టింది. ఇవి కొలిచిన ఊపిరి కాదు, కొలవడానికే అందని ఊపిరి అని కింద పెద్ద అక్షరాల్లో రాసింది. దుప్పటిని వాళ్ళమీదికి లాగలేదు, అబద్ధం అవుతుందని. పైన నీలం చుక్కలు గాల్లో చెల్లాచెదరుగా ఉంటే, ఆ ఒక్క మూలలో నేలంతా ఎర్రగా నిండిపోయింది. ఆమె తన జన్మలో వేసిన గ్రాఫుల్లోకెల్లా మంచి గ్రాఫు అది. ఎవరితో చెప్పుకోవాలో తెలియక స్టోర్సు ఆయన్ని పిలిచి చూపించింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"అమ్మో" అన్నాడు. "ఇంతమందా!"

మీటింగు గదిలో పొడుగాటి బల్ల, దాని మీద మొహం కనపడేంత నునుపు రాయి. ఇద్దరు డైరెక్టర్లు, ఫ్యాక్టరీ డాక్టరు, మేనేజరు, హెచ్ఆర్ ఆయన. గ్రాఫులక్క తన కంప్యూటరుని గోడ మీది తెరకి తగిలించి గ్రాఫు వేసింది. నెమ్మదిగా తిప్పుతూ చెప్పింది. ఎర్ర మూల ముందుకి రాగానే గదిలో టీకప్పుల చప్పుడు ఆగిపోయింది.

"ఇన్నేళ్ళూ మేం చూసింది మరి?" అన్నాడు పెద్ద డైరెక్టరు.

"వీళ్ళు లేకుండా చూశారు సార్."

డాక్టరు తల దించుకున్నాడు. పెద్ద డైరెక్టరు చాలాసేపు తెరకేసి చూశాడు. "ఇది ఘోరం కదయ్యా" అన్నాడు, మనస్ఫూర్తిగానే అన్నాడు. గ్రాఫులక్కకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయిపోయింది, వచ్చేశాయి యంత్రాలు, అనుకుంది. సాయంత్రం తమ్ముడికి ఎలా చెప్పాలో కూడా మనసులో అనేసుకుంది.

"ఏదీ, నన్నోసారి తిప్పనీ" అని మేనేజరు ఆమె చేతికింద నుంచి మౌసు తీసుకున్నాడు. బొమ్మ దొరికిన పిల్లాడిలా అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తిప్పి తిప్పి ఒక ఎర్ర చుక్క మీద ఆపాడు.

చిన్న డబ్బా తెరుచుకుంది. అందులో టోకెను నంబరు.

ఏటా తమ్ముణ్ణి వెతుక్కోవడానికి పెట్టుకున్న డబ్బా. తీసెయ్యడం మర్చిపోయింది. రంగులు చూసుకుంది, అక్షరాలు చూసుకుంది, దుప్పటి అంచులు కూడా చూసుకుంది. ఇది మాత్రం తన కంటికి ఎంత అలవాటైపోయిందంటే, అది ఇంకొకళ్ళకి కూడా కనబడుతుందన్న ధ్యాసే లేకపోయింది.

"ఓహో" అన్నాడు మేనేజరు. పక్క చుక్క మీద పెట్టాడు. ఇంకో డబ్బా.

"సార్, అది చూపించకూడదు సార్, పొరపాటున..." ఆమె మౌసు కోసం చెయ్యి చాపింది. మేనేజరు మోచేత్తో అడ్డుకున్నాడు, నవ్వుతూనే.

"ఎందుకమ్మా కంగారు? మంచిదేగా. ఎవరికి బాగాలేదో తెలిస్తేనే కదా మనం చూసుకునేది." హెచ్ఆర్ ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. మేనేజరు ఒక్కో ఎర్ర చుక్క మీదా ఆగుతూ నంబరు పైకి చదివాడు. తమ్ముడి నంబరు చదివినప్పుడు ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఆ నంబరు ఎవరిదో ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు.

నిర్ణయం ఎంత మర్యాదగా రాశారో చూడాలి! షెడ్డులో పనిచేసే మిగతావాళ్ళంతా బాగానే ఊదారు కాబట్టి లోపం షెడ్డులో లేదు. కొందరి ఒంటి తత్వం ఆ పనికి పడలేదు. వాళ్ళ క్షేమం దృష్ట్యా వాళ్ళకి వెంటనే విశ్రాంతి ఇవ్వాలి. యంత్రాల విషయం, ఆ మూల బాగుపడ్డాక, వచ్చే ఏటి గ్రాఫు చూసి ఆలోచించాలి. ఘోరం అన్న పెద్దమనిషే కింద సంతకం పెట్టాడు. క్షేమమట, విశ్రాంతట! చెప్పు తీసుకుని కొట్టినా ఇంత నొప్పి పుట్టదు.

తమ్ముడు ఇంటికొచ్చేశాడు. ఆమె గుమ్మంలో ఎదురైతే పక్కనుంచి వెళ్ళిపోయాడు. తిట్టలేదు. తిట్టినా బావుండేది. ఆ లోటు మరదలు తీర్చింది.

"మీ చుక్కలు చల్లగుండ వదినా! ఆయన కాళ్ళావేళ్ళా పడి వద్దన్నాడటగా? మాకు తెలియని మంచి మీకేం తెలిసిందని? లోకానికి మేలు చెయ్యాలనిపిస్తే మీ చుక్క పెట్టుకోవాల్సింది, నా మొగుడిది దొరికిందా?"

"యంత్రాలొస్తాయనుకున్నానే..."

"వచ్చాయా?"

ఆమె తలుపు దగ్గరగా వేసుకుని తన గదిలో కూర్చుంది. ఆ రోజు నుంచి తమ్ముడు ఆమెతో మాట్లాడలేదు. ఏదైనా కావాలంటే ఆమె ఎదురుగా ఉండగానే "మీ వదినకి చెప్పు" అని పెళ్ళాంతో అనేవాడు. జబ్బు మాత్రం ఇంటికొచ్చినంత మాత్రాన ఆగలేదు. మెట్లు ఎక్కడం మానేశాడు. తర్వాత పడుకోవడం మానేశాడు, పడుకుంటే ఊపిరాడదు. మంచం మీద దిళ్ళు పేర్చుకుని కూర్చుని నిద్రపోయేవాడు. మరదలు కుట్టుపనికి వెళ్ళడం మొదలుపెట్టింది. గ్రాఫులక్క వంట చేసి, పిల్లల్ని పంపి, ఆఫీసుకి పోయేది. ఎక్కడికని పోతుంది?

మళ్ళీ ఏడు తిరిగింది. ఊదుడు పరీక్ష అయింది. అంకెలు వచ్చాయి. ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

మేనేజరు మెట్లు రెండేసి చొప్పున ఎక్కొచ్చాడు. "చూశావామ్మా, శుభ్రమైపోయింది! పోయినేడు నువ్వు చేసిన పని ఊరికే పోలేదు."

ఆయన వెళ్ళాక ఆమె చుక్కలు వేసింది. కొత్తగా షెడ్డులోకి మారినవాళ్ళు, పాతవాళ్ళలో మిగిలినవాళ్ళు, అందరూ ఉన్నారు. ఏదో తేడాగా అనిపించింది. గదిని నెమ్మదిగా తిప్పుతూ, సరిగ్గా నేల మట్టానికి తెచ్చి పక్కనుంచి చూసింది. అన్ని చుక్కలూ ఎక్కడివక్కడ చిందరవందరగా ఉంటే, దుమ్ము ఎక్కువున్న వైపు ఒక వరస మాత్రం దండెం మీద ఆరేసినట్టు ఒకే ఎత్తున ఉంది. ముసలాడూ అదే ఎత్తు, కుర్రాడూ అదే ఎత్తు. మనుషుల ఊపిరి అలా ఉండదు. అదే ఎత్తున, దుమ్ము లేనివైపు, దూరంగా ఒక చుక్క ఒంటరిగా ఉంది. దానిమీద మౌసు పెట్టింది. బయట ఆవరణలో క్రేను నడిపే అతని నంబరు. పహిల్వాను లాంటి మనిషి.

ఊదే యంత్రం తెచ్చేవాడు గొట్టం వంక చూస్తాడు తప్ప మొహాల వంక చూడడు. అందరి మొహాలకీ పొడే కదా. క్రేను అతను ఒక్కో టోకెనూ పట్టుకుని మళ్ళీ మళ్ళీ వరసలో నిలబడి, ఊదలేనివాళ్ళందరి తరఫునా తనే ఊదాడు. షెడ్డులో జబ్బుపడ్డవాళ్ళంతా ఒక్క ఛాతీ అరువు తెచ్చుకున్నారు.

మధ్యాహ్నం క్యాంటీనులో క్రేను అతను ఆమెని చూసి కంచం పట్టుకుని ఇంకో బల్లకి మారిపోయాడు. అతని పక్కనున్న, పోయినేడు ఎలాగో ఊది గట్టెక్కిన సానబట్టే ఇంకో మనిషి మాత్రం కదల్లేదు. ఒకప్పుడు తమ్ముడితో కలిసి మెట్ల కింద అక్కా అని పిలిచినవాడే.

"గ్రాఫు వేశావా అక్కా?"

"వేశాను."

"మళ్ళీ ఎర్ర చుక్కలు పెడతావా?"

అతని పెదాలు నీలంగా ఉన్నాయి. రెండు మాటలకే ఆయాసపడుతున్నాడు. ఈ మనిషి వచ్చే ఏటికి ఉండడు, ఆమెకి తెలుసు. చెబితే ఇంటికి పంపుతారు, చెప్పకపోతే ఆ దుమ్ములోనే పోతాడు. రెండిట్లో ఏదైనా తన చేతి మీదుగానే జరగాలా భగవంతుడా, అనుకుంది.

"పెట్టను" అంది.

గదికి వచ్చి తలుపేసుకుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒక సదుపాయం ఉంది, చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి కనపడకుండా పోతే వాటిని పిసరంత అటూ ఇటూ కదపడానికి. మంచి ఉద్దేశంతో పెట్టిందే. ఆమె దాన్ని నొక్కింది. దండెం తెగినట్టు ఆ వరస చెదిరిపోయి గుంపులో కలిసిపోయింది. టోకెను నంబర్లు చూపించే డబ్బా తీసేసింది. తీసేశానా అని మళ్ళీ చూసుకుంది, మళ్ళీ చూసుకుంది. దానిమీద దుప్పటి పరిచి, మేనేజరుకి ఇష్టమని రంగులు ముదురు చేసింది. మూల ఎంతో అందంగా, చదునుగా వచ్చింది. మీటింగులో చప్పట్లు కొట్టారు. యంత్రాల మాట ఇంక ఎత్తనవసరం లేదని రాసుకున్నారు. పెద్ద డైరెక్టరు ఆమెకేసి చూసి, మీలాంటివాళ్ళు ఉండాలమ్మా సంస్థకి, అన్నాడు.

ఇంటికొచ్చేసరికి మరదలు ఇంకా రాలేదు, పిల్లలు వీధిలో ఉన్నారు. తమ్ముడు దిళ్ళకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె ఎప్పటిలాగే తల వంచుకుని వాడి గదిలోంచి తన గదికి నడుస్తోంది.

"ఈసారి ఒక్క గడీ ఖాళీ లేదటగా" అన్నాడు.

ఏడాది తర్వాత వాడు తనతో అన్న మొదటి మాట. ఆమె తలుపు పట్టుకుని ఆగిపోయింది. వాడి దగ్గరికి షెడ్డు వాళ్ళు అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటారు. వాడికి అన్నీ తెలుసు.

"లేదురా. అందరూ ఊదారు."

"కనిపెట్టావా?"

"ఊఁ."

"చెప్పావా?"

"చెప్పలేదు."

వాడు కళ్ళు మూసుకుని, తర్వాతి మాటకి సరిపడా ఊపిరి పోగుచేసుకున్నాడు. అందుకు చాలాసేపు పట్టింది. ఆమె నిలబడే ఉంది.

"ఆ నోరు పోయినేడు మూసుకోవాల్సిందక్కా" అన్నాడు.